పదకొండు మంది నాయకులు, పిడికెడు బియ్యం

ఇంటర్వ్యూలకి వెళ్లే పిల్లలు ఇప్పటికీ మా ఇంటికి వస్తూనే ఉంటారు. నేను రిటైరయ్యానన్న సంగతి గుడివాడలో నాకూ మా ఆవిడకీ తప్ప ఎవరికీ తెలిసినట్టు లేదు. వచ్చినవాళ్లు కుర్చీలో సరిగ్గా కూర్చోకముందే అడిగే ప్రశ్న ఒకటే. "సార్, లీడర్‌షిప్ గురించి అడిగితే ఏం చెప్పాలండీ?" అప్పుడు వాళ్లకి కాఫీ ఇప్పించి ఒక సంగతి చెబుతాను. అందులో నా ఘనత తక్కువ, తెలివితక్కువతనం ఎక్కువ. ఎన్నిసార్లు చెప్పినా నాకు విసుగు రాలేదు కానీ కాఫీలు కలిపే మా ఆవిడకి వచ్చింది. అందుకని కాగితం మీద పెడుతున్నాను. ఇకమీదట ఎవరొచ్చినా ఇది చేతికిచ్చి పంపేస్తానని ఆవిడకి మాటిచ్చాను.

నేను బందరులో ఒక డిగ్రీ కాలేజీలో ఇంగ్లీషు చెప్పేవాణ్ని. రోజూ గుడివాడ నుంచి పాసింజరులో వెళ్లి రావడం. సర్వీసు చివర్లో మా ప్రిన్సిపాల్ గారు నన్ను పిలిచి, "మాస్టారూ, మీరు బాగా మాట్లాడతారు కదండీ, ప్లేస్‌మెంట్లు కూడా మీరే చూడండి," అన్నారు. మర్నాటికల్లా నా గది తలుపు మీద ఇంకో బోర్డు చేరింది. నేను బాగా మాట్లాడతాను కాబట్టి పిల్లలూ బాగా మాట్లాడతారని ఆయన నమ్మకం. ఆ నమ్మకం నాక్కూడా ఉండేది, అదే వచ్చిన చిక్కు.

ముందు పరిస్థితి చెప్పాలి, తర్వాత నువ్వేం చేశావో చెప్పాలి, చివర్లో ఏమైందో చెప్పాలి. లీడర్‌షిప్ ప్రశ్నకి జవాబు ఈ వరసలో ఉండాలని ఏదో ట్రైనింగులో నేర్చుకొచ్చాను. వరస మంచిదే, ఇప్పటికీ అదే చెబుతాను. కానీ ఆ వరసలో పెట్టడానికి ఏదో ఒకటి ఉండాలి కదా. మా పిల్లల్ని అడిగితే, "మేమేం చేశాం సార్, పొద్దున బస్సెక్కి వస్తాం, సాయంత్రం బస్సెక్కి వెళ్తాం," అనేవాళ్లు. వాళ్లని ఇంకో ప్రశ్న అడిగే ఓపిక నాకు లేకపోయింది. నేనే ఒక నమూనా జవాబు రాసిచ్చేశాను. అంతకుముందు మా కాలేజీలో రక్తదాన శిబిరం ఒకటి నిజంగానే జరిగింది. ఒక విద్యార్థి ముందుండి దాన్ని ఎలా నడిపించాడో, భయపడేవాళ్లకి ఎలా ధైర్యం చెప్పాడో ఒకటిన్నర పేజీ రాశాను. బ్రహ్మాండంగా వచ్చింది. "దీన్ని ఎవరికి వాళ్లు తమకి తగ్గట్టు మార్చుకోండి," అని కింద ఒక ముక్క కూడా రాశాను. మార్చుకోవడం అంటే మావాళ్లు పైన పేరు మార్చుకున్నారు. బస్టాండు పక్కన జిరాక్సు షాపాయనకి ఆ పేజీన్నర కంఠతా వచ్చేసిందని విని మురిసిపోయాను కూడా.

ఆ ఏడాది హైదరాబాదు నుంచి ఒక కంపెనీ వాళ్లు ఇంటర్వ్యూలకి వచ్చారు. ఒక పెద్దావిడ, ఒక కుర్రాయన. పొద్దున్నుంచీ ఒక్కొక్కళ్లనే లోపలికి పిలుస్తున్నారు. మధ్యాహ్నం భోజనాల ముందు ఆవిడ నన్ను పిలిపించారు. మనవాళ్లు ఇరగదీసి ఉంటారు, మెచ్చుకోవడానికే పిలిచారనుకుని జుట్టు సర్దుకుని వెళ్లాను.

"మాస్టారూ, మీ కాలేజీలో రక్తదాన శిబిరం జరిగిందటగా?" అన్నారావిడ.

"అవునండీ, చాలా బాగా జరిగింది," అన్నాను ఉత్సాహంగా.

"పొద్దున్నుంచీ పదకొండు మంది వచ్చారండి. పదకొండు మందీ దానికి నాయకులే. మరి రక్తం ఎవరిచ్చారండీ?"

నాకు తల కొట్టేసినట్టయింది. పక్కనున్న కుర్రాయన కాగితాల్లో మొహం దాచుకుని నవ్వుతున్నాడు. ఆ పదకొండు మందిలో ఒకడు శిబిరం రోజున సూదిని చూసే కళ్లు తిరిగి పడిపోయాడు. వాడి మొహాన నీళ్లు చల్లింది నేనే. ఆ సంగతి ఆవిడకి చెప్పలేదు. ఆ పూట బందరు లడ్డూ తెప్పించి ఎంత మర్యాద చేసినా నా మొహం మామూలుగా అవలేదు. ప్రిన్సిపాల్ గారు మాత్రం నన్ను ఓదార్చడానికే అన్నారు పాపం. "పోనివ్వండి మాస్టారూ, వచ్చే ఏడాది రెండు శిబిరాలు పెట్టిద్దాం. సగం సగం పంచుకుంటారు."

పన్నెండో అభ్యర్థి ఒక అమ్మాయి. నాగాయలంక అవతల చిన్న ఊరు. నాన్న రొయ్యల చెరువుల మీద పనిచేస్తాడు, అమ్మ కుట్టుపని. ఇంటిల్లిపాదీ చర్చికి వెళ్లే కుటుంబం. ఈ అమ్మాయి లోపలికి వెళ్లి నాలుగు నిమిషాల్లో బయటికి వచ్చేసింది. ఏమైందని అడిగాను.

"లీడర్‌షిప్ అడిగారండి. నేను దేనికీ లీడర్ని కాదని చెప్పానండి."

"అదేంటమ్మా, శిబిరం గురించి చెప్పకపోయావా?"

"ఆ రోజు నేను కాలేజీకి రాలేదు కదండీ," అంది.

ఆ మాట అప్పుడు నాకు అమాయకత్వంలా కనిపించింది. కంపెనీ వాళ్లు ఆ అమ్మాయిని తీసుకోలేదు. పదకొండు మంది నాయకుల్లోనూ ఎవర్నీ తీసుకోలేదు.

కొన్ని నెలల తర్వాత అదే అమ్మాయి నా గది గుమ్మంలో నిలబడింది. చేతిలో ఫోను, ఫోనులో ఉత్తరం. బిజినెస్ స్కూళ్ల ప్రవేశ పరీక్ష ఎవరికీ చెప్పకుండా రాసిందట. ఒక పెద్ద స్కూలు ఇంటర్వ్యూకి పిలిచింది. మా కాలేజీ చరిత్రలో అలాంటి పిలుపు అదే మొదటిది. ఇంటర్వ్యూ ఆన్‌లైనులోనే.

"నాకున్నది ఈ ఒక్క అవకాశమే సార్," అంది. "సీటు రాకపోతే గిలకలదిండి ఐసు ఫ్యాక్టరీకేనండి. మా నాన్న అక్కడ ఆఫీసు పని చూసి పెట్టారండి. ఒకటో తారీఖున చేరిపోవాలి. అది చెడ్డ పనేం కాదండి. కానీ నాకు చదువుకోవాలనుంది."

నాకు రిటైర్మెంటు దగ్గర పడింది. పదకొండు మంది నాయకుల మచ్చ తుడుచుకునే అవకాశం ఇంటికొచ్చిందనుకున్నాను. మూడు వారాలు రోజూ సాయంత్రం గంటసేపు కూర్చోబెట్టాను. "దేనికైనా లీడర్‌గా ఉన్నావా? క్లాసుకి? హాస్టల్‌కి? ఆటలకి?" అన్నిటికీ లేదండి, లేదండి. తెలివైనవాడు అక్కడ ఆగి ఆలోచిస్తాడు. నేను ఇంకో జవాబు రాశాను. నాగాయలంక బస్సు వేళ మార్చమని ఆడపిల్లలు డిపోలో అర్జీ ఇచ్చారని తెలిసింది. ఆ అర్జీలో ఈ అమ్మాయి సంతకం పద్నాలుగోది. దాన్ని మొదటి సంతకం చేసి ఒక పేజీ రాసిచ్చాను. పేజీన్నర నుంచి పేజీకి తగ్గించాను కదా, అదే నేను నేర్చుకున్న పాఠం.

ఆ అమ్మాయి సండే స్కూల్లో బైబిలు వాక్యాలు కంఠతా చెప్పి ప్రైజులు కొట్టిన పిల్ల. మర్నాడే పేజీ మొత్తం ఒప్పజెప్పింది. చేతులు కట్టుకుని, కళ్లు మూసుకుని, ఊపిరి తీసుకోకుండా చెప్పి, అయ్యాక కళ్లు తెరిచింది. ఆమెన్ ఒక్కటే తక్కువ. "కళ్లు తెరిచి చెప్పమ్మా," అన్నాను. కళ్లు తెరిస్తే రెండో వాక్యం దగ్గరే ఆగిపోయేది. అబద్ధం చెప్పలేక ఆగిపోతోందని నాకు తట్టలేదు. ఇంగ్లీషు సమస్య అనుకుని వాక్యాలు చిన్నవి చేశాను.

ఇంటర్వ్యూ రోజు రానే వచ్చింది. వాళ్ల ఊళ్లో సిగ్నలు నిలకడగా ఉండదని మా కంప్యూటర్ ల్యాబు ఏర్పాటు చేశాను. గదిలో అభ్యర్థి తప్ప ఇంకో మనిషి ఉండకూడదని రూలు. కెమెరా నాలుగు వైపులా తిప్పి చూపించమన్నారు. నేను వరండాలో కిటికీ కింద కుర్చీ వేసుకుని కూర్చున్నాను. కిటికీ అవతల మనిషి ఉండకూడదని రూల్లో లేదు. కాసేపటికి ప్రిన్సిపాల్ గారు అటు వచ్చి, "ఏం జరుగుతోందండీ?" అని గట్టిగా అన్నారు. నేను వేలు పెదాల మీద పెట్టి సైగ చేస్తే ఆయన కూడా చప్పుడు చెయ్యకుండా గోడకి ఆనుకుని నిలబడ్డారు. ఇద్దరం పరీక్షలో కాపీ కొట్టే పిల్లల్లా ఉన్నాం.

మొదటి పది నిమిషాలు బాగానే నడిచింది. తర్వాత ఒక ఆడగొంతు అడిగింది. నువ్వు నాయకత్వం వహించిన సందర్భం ఒకటి చెప్పు అని. మాటలన్నీ ఇంగ్లీషులోనే, నేను తెలుగులో రాస్తున్నాను. నేను కళ్లు మూసుకుని బస్సు అర్జీ మొదటి వాక్యం కోసం ఎదురు చూశాను. అది రాలేదు.

"నేను దేనికీ లీడర్‌గా లేనండి," అంది అమ్మాయి.

ప్రిన్సిపాల్ గారు నా చెవిలో, "అయిపోయింది మాస్టారూ, ఐసు ఫ్యాక్టరీయే," అన్నారు.

అప్పుడు లోపల ఇంకో గొంతు, పెద్దవయసు మనిషిది, నెమ్మదిగా అడిగింది. "సరేనమ్మా. పోనీ ఎవరినీ అడక్కుండా ఏదైనా పని చేసి, దానికి తిట్లు తిన్నావా ఎప్పుడైనా?"

"తిన్నానండి," అని ఠక్కున జవాబొచ్చింది. నేను కుర్చీలో ముందుకు వంగాను.

"మా చర్చి ఆడవాళ్లు అన్నం వండేముందు ఎసట్లో పోసే బియ్యంలోంచి ఒక పిడికెడు తీసి వేరే డబ్బాలో వేస్తారండి. అది దేవుడి బియ్యం. వారానికోసారి అందరి డబ్బాలూ చర్చిలో ఒక్క సంచిలో పోస్తాం. పోయిన వరదకి ఏటి మధ్య లంకలోంచి జనం వచ్చి మా ఊరి బళ్లో ఉన్నారండి. రోడ్డు మునిగింది, బయటి నుంచి ఏమీ రాలేదు. ఆ సంచుల్లో బియ్యమే వండి పెట్టారు మావాళ్లు. కానీ అది పది రకాల బియ్యం కదండీ. కొందరిది రేషన్ బియ్యం, కొందరిది పాత సన్నబియ్యం, కొందరిది కొత్త బియ్యం. ఒకే గిన్నెలో వండితే సగం ముద్దయింది, సగం పలుకయింది."

ప్రిన్సిపాల్ గారు తల ఊపారు. ఇద్దరం బియ్యం తిని పెరిగినవాళ్లమే కానీ ఈ సంగతి ఎప్పుడూ ఆలోచించలేదు.

"తిన్నవాళ్లు ఏమీ అనలేదండి. వండినవాళ్లే పోట్లాడుకున్నారు. మీ రేషన్ బియ్యం వల్లేనని ఒకళ్లు, మీ పాత బియ్యం వల్లేనని ఒకళ్లు. మా వీధిలో ఒక అత్త చిన్నబుచ్చుకుని ఇంటికెళ్లి తలుపేసుకుంది. రెండు సంచులు పెడదాం, ఎవరి బియ్యం వాళ్లు వేరుగా పోద్దామని ఇంకొకళ్లు అన్నారు. అలా పెడితే ఎవరు ఏ సంచిలో పోస్తున్నారో ఊరందరికీ కనిపిస్తుంది కదండీ. నాకది నచ్చలేదు. మర్నాడు పొద్దున్నే అందరూ లేవకముందు మా తమ్ముడి సైకిలు మీద మిగిలిన బియ్యం మొత్తం పిండిమరకి తోసుకెళ్లానండి. కరెంటు లేదు. మరాయన్ని బతిమాలి పాత ఆయిల్ ఇంజను వేయించి మొత్తం రవ్వ పట్టించేశాను. రవ్వయ్యాక ఎవరి బియ్యం ఏదో దేవుడికి తప్ప ఎవరికీ తెలియదండి."

"రవ్వతో ఏం చేశారు?" అని అడిగింది ఆడగొంతు.

"ఉప్పుపిండి. ఉప్మాలాగే ఉంటుందండి. కానీ అంతమందికి నీళ్ల కొలత నాకు తెలియదు. అందుకని తలుపేసుకున్న అత్త దగ్గరికెళ్లి, రవ్వ పట్టించేశాను, కొలత తెలియదు, నువ్వు రాకపోతే మొత్తం పాడైపోతుందని చెప్పాను. తిట్టుకుంటూ వచ్చింది. అత్త వచ్చాక మిగతావాళ్లూ వచ్చారండి. నాలుగు రోజులు అదే వండాం, ఎవరూ పోట్లాడుకోలేదు."

"మరి తిట్లు?"

"దేవుడి బియ్యం ఎవర్నడిగి మరాడించావని మా చర్చి స్త్రీల సమాజం ప్రెసిడెంటమ్మ గారు ఆదివారం అందరి ముందూ చివాట్లు పెట్టారండి. తప్పేనండి, అడగాల్సింది. క్షమించమన్నాను. తర్వాత, ఉప్పుపిండి బాగుందా అండీ అని అడిగాను. బాగుందన్నారు."

లోపల నవ్వులు. నేనూ నవ్వబోయి నోరు నొక్కుకున్నాను. నవ్వులు ఆగాక ఆ పెద్దాయన ఇంకొక్క ప్రశ్న వేశారు. "మీ ఇంటి పిడికెడు ఏ బియ్యమమ్మా?"

"రేషన్ బియ్యమేనండి. అందుకే ముందు నాకే నొప్పి పుట్టింది."

నాకు కళ్లలో నీళ్లు తిరిగాయి. పక్కకి చూస్తే ప్రిన్సిపాల్ గారు కళ్లజోడు తుడుచుకుంటున్నారు. ముప్పై ఏళ్లకి పైగా పాఠాలు చెప్పాను. ఆ కిటికీ కింద పావుగంటలో నేర్చుకున్నంత నేనెప్పుడూ నేర్పలేదు.

అమ్మాయి బయటికి వచ్చింది. నన్ను చూడగానే తల దించుకుంది. "మీరు రాసిచ్చింది చెప్పలేదండి. తిట్టండి సార్."

"తిట్టడం సంగతి తర్వాత," అన్నాను. "మూడు వారాలు ఎదురుగా కూర్చున్నావు. ఈ బియ్యం సంగతి నాకెందుకు చెప్పలేదమ్మా?"

"మీరు అడగలేదు కదండీ," అంది, చాలా మామూలుగా. "దేనికి లీడర్‌వని అడిగారు. నేను దేనికీ కాదు కదా."

ఇన్నేళ్లలో నన్ను ఎవరూ అంత సున్నితంగా చివాట్లు పెట్టలేదు. ఆ సాయంత్రం గదికి వెళ్లి పేజీన్నర జవాబు మూల ప్రతిని చించేశాను. జిరాక్సు షాపాయన దగ్గర ఉన్నదాన్ని మాత్రం ఏమీ చెయ్యలేకపోయాను, అది ఆయన బుర్రలో ఉంది.

ఫలితం వచ్చిన రోజు నేను పాసింజరులో ఉన్నాను. పెడన దాటాక ఫోను మోగింది. "సార్" అన్న ఒక్క మాట తర్వాత ఏడుపే వినిపించింది. నేను కంగారుపడి, "పోన్లే అమ్మా, ఐసు ఫ్యాక్టరీ కూడా మంచిదే," అంటున్నాను. "వచ్చిందండి, సీటు వచ్చిందండి!" అని అటు నుంచి కేక. ఎదురు సీట్లో చేపల బుట్ట పెట్టుకున్న ఆవిడ, "ఏవండీ, మనవడు పుట్టాడాండీ?" అని అడిగింది. అవునన్నాను. అంతకంటే ఎలా చెప్పాలో తెలియలేదు.

ఆ ఆదివారం వాళ్ల ఊరు వెళ్లాను. అవనిగడ్డ మీదుగా బస్సు, చేతిలో రెండు కిలోల బందరు లడ్డూ. ఆరాధన అయ్యాక చర్చి ముందు పందిరి కింద ఉప్పుపిండి వండారు, పెసరపప్పు వేసి, పైన ఆవకాయ. నేను ఆకు ముందు కూర్చోగానే మాస్టారొచ్చారని అందరూ చుట్టూ చేరారు.

"నీళ్ల కొలత నాదేనండి," అంది తలుపేసుకున్న అత్త. "నేను రాకపోతే జావ అయ్యేది."

"మా ఇంజను లేకపోతే కొలతేం చేసుకుంటారండీ?" అన్నాడు మరాయన. ఆయన చర్చివాడు కాదు, ఉప్పుపిండి కోసం వచ్చాడు.

"సైకిలు నాది!" అన్నాడు తమ్ముడు.

తెల్లచీరలో ఉన్న పెద్దావిడ వాళ్లందర్నీ పక్కకి జరిపి నా ఎదురుగా నిలబడింది. ప్రెసిడెంటమ్మ గారని చెప్పకుండానే తెలిసింది. "అసలు చివాట్లు పెట్టింది నేనండి. ఆ రోజు నేను అన్ని మాటలు అనకపోతే, ఆ పెద్దాయన అడిగినప్పుడు దీనికి చెప్పుకోవడానికి ఏముండేదండీ?"

పప్పు నానబెట్టినావిడ, కరివేపాకు కోసుకొచ్చినావిడ, కట్టెలు ఆరబెట్టినావిడ, ఇంకా మిగతావాళ్లు, ఒక్కొక్కళ్లే వచ్చి తమ వంతు చెప్పారు. అమ్మాయి అందరికీ లడ్డూ పెడుతూ, "అవునత్తా, నువ్వే కదా," "అవునమ్మగారూ, మీరే," అంటూ పోతోంది. మర్యాదకి అనడం లేదు, నిజంగా అలాగే అనుకుంటోంది.

నాకు అలవాటు పోలేదు, వేళ్ల మీద లెక్కపెట్టాను. మరాయన్ని మినహాయిస్తే సరిగ్గా పదకొండు మంది. హైదరాబాదు నుంచి వచ్చిన ఆ పెద్దావిడ గుర్తొచ్చారు. ఆవిడ ఆ పూట మాతో ఆకు ముందు కూర్చుని, ఇంతమంది నాయకులైతే మరి బియ్యం ఎవరిచ్చారండీ అని అడిగి ఉంటే ఎంత బాగుండేదో. ఆ పదకొండు మందినీ చూపించి, వీళ్లేనండీ అని గట్టిగా చెప్పేవాణ్ని.